నలుయెలా జిల్లాలో ఒక ఇరుసు సీలు మరమ్మతు

నలుయెలా జిల్లా ఆరోగ్య శాఖకు ఉన్న ఒకే ఒక ఫోర్ వీల్ డ్రైవ్ బండికి వెనక ఎడమ చక్రం దగ్గర ఆయిలు కారుతున్నదని జిల్లా యంత్రాంగం అధికారికంగా గుర్తించింది. గుర్తించడానికి పద్నాలుగు నెలలు మాత్రమే పట్టింది. పక్క జిల్లాలో ఆసుపత్రి పైకప్పు గాలికి ఎగిరిపోయిన సంగతి గుర్తించడానికి మూడేళ్ళు పట్టిందని ఎరిగినవాళ్ళు నలుయెలా చురుకుదనాన్ని మెచ్చుకోకుండా ఉండలేరు.

వర్క్‌షాపు మెకానిక్ సిమాసికుకు మాత్రం ఆ సంగతి మొదటిరోజే తెలిసింది. అది పూర్తిగా అతని తప్పు. పైవాళ్ళు గుర్తించకముందే ఒక విషయం తెలిసి ఉండటం ప్రభుత్వోద్యోగికి తగని లక్షణమని ఇరవై రెండేళ్ళ సర్వీసులో అతనికి ఎవరూ చెప్పలేదు. బండి షెడ్డులోకి రాగానే చక్రం దగ్గర ముక్కు పెట్టి, మాడిన ఆయిలు వాసన పట్టి, "సీలు పోయింది" అన్నాడు. ఆ మాట విన్నది ఇద్దరే. ఒకరు డ్రైవరు మెబెలో. రెండోది షెడ్డు వెనక కట్టేసి ఉన్న మేక.

బండి వయసు ఇరవై ఏడేళ్ళు. జాంబేజీ వరద మైదానంలో సగం ఏడాది ఇసుకలోనూ, సగం ఏడాది నీళ్ళలోనూ తిరుగుతుంది. ఇసుక సీలును గీకుతుంది, నీళ్ళు నానబెడతాయి. ఆ సీలు పెద్ద వస్తువేమీ కాదు. చక్రం లోపల కూర్చుని, ఇరుసులో ఆయిలు బ్రేకు వైపు రాకుండా ఆపే రబ్బరు రింగు. అరచేతిలో పడుతుంది. అరిగిందంటే ఆయిలు బ్రేకు షూల మీదికి వస్తుంది. ఆయిలు తాగిన బ్రేకు పట్టమన్నప్పుడు పట్టదు, తనకు బుద్ధి పుట్టినప్పుడు పడుతుంది.

జూలైలో ఒకరోజు దానికి బుద్ధి పుట్టలేదు. బండ్లను ఏరు దాటించే పంటు రేవు దగ్గర గట్టు నిటారుగా దిగుతుంది. మెబెలో బ్రేకు తొక్కితే మూడు చక్రాలు ఆగాయి, నాలుగోది ఆగలేదు. బండి ఒక పక్కకి మెలి తిరిగి, పంటును తప్పించుకుని నేరుగా ఏట్లో దిగింది. లోపల ములెండే క్లినిక్కు నర్సు సిస్టర్ నమకావు, ఒళ్ళో టీకా మందుల పెట్టెతో ఉంది. ఆమె నడుములోతు నీళ్ళలో పెట్టెను నెత్తిన పెట్టుకుని నిలబడి, "మెబెలో, నీ బండికి స్నానం అయ్యిందా, ఇంకా సబ్బు రాయాలా?" అని అడిగింది. మెబెలో అప్పటికే నీళ్ళలో తన చెప్పు కోసం వెతుకుతున్నాడు.

ఆ మర్నాడే సిమాసికు దరఖాస్తు రాశాడు. వెనక ఎడమ ఇరుసు రబ్బరు సీలు అరిగిపోయినది, కొత్తది ఒకటి ఇప్పించ ప్రార్థన, అని. ఇంతకన్నా స్పష్టంగా రాయడం అతనికి చేతకాలేదు. ఆ స్పష్టతే కొంప ముంచింది. సీలు అన్న మాట కనిపించగానే జిల్లా ఆఫీసు దాన్ని ప్రావిన్సు కేంద్రంలో స్టేషనరీ విభాగానికి పంపింది. రబ్బరు అన్న మాట కూడా ఉండటంతో వాళ్ళకు ఏ సందేహమూ రాలేదు. ఏడు వారాలకు ఒక పార్సెలు వచ్చింది. విప్పితే అందులో నున్నటి కొయ్య పిడి ఉన్న గుండ్రటి రబ్బరు ముద్ర. చుట్టూ డేగ రెక్కలు, మధ్యలో అక్షరాలు: నలుయెలా జిల్లా, ఇరుసు విభాగం.

ముద్ర వచ్చాక విభాగం లేకపోతే బావుండదు. జిల్లా పరిపాలనాధికారి వామున్యిమా ఆ సాయంత్రమే ఇరుసు విభాగాన్ని స్థాపించి, అధ్యక్ష పదవిని ఎంతో అయిష్టంగా తానే స్వీకరించారు. ఒక గుమాస్తా, ఒక బల్ల, రెండు కుర్చీలు మంజూరయ్యాయి. ముద్ర వేయడానికి కాగితాలు కావాలి కాబట్టి మొదటి కాగితం సిమాసికు పేరనే తయారైంది. పాత సీలును ఎలా పాడుచేశావో సంజాయిషీ ఇవ్వవలసింది. ప్రభుత్వ ముద్ర అరిగేదాకా వాడటం ప్రభుత్వాన్ని అరగదీయడమే. పాతది అప్పగిస్తే తప్ప కొత్తది వచ్చినట్టు రికార్డులో చూపడం కుదరదు.

సిమాసికు తుడుచుకున్న చేతులతో ఆఫీసుకు వెళ్ళాడు.

"బో వామున్యిమా, పాత సీలు ఇరుసు లోపలుంది. ఇవ్వాలంటే చక్రం విప్పాలి" అన్నాడు.

అక్కడ పెద్దవాళ్ళ పేరు ముందు 'బో' చేర్చి పిలవడం మర్యాద. వయసులో పదేళ్ళు చిన్నవాడైన వామున్యిమా ఆ మర్యాదను ఇచ్చే చోట పొదుపుగానూ, పుచ్చుకునే చోట ధారాళంగానూ వాడేవారు.

"విప్పు, సిమాసికు. ఎవరొద్దన్నారు?"

"విప్పడానికి అనుమతి కావాలని మీరే పోయిన నెల సర్క్యులర్ ఇచ్చారు."

"అయితే అనుమతి తీసుకో."

"ఎవర్నడగాలి?"

"ఇరుసు విభాగాన్ని."

"అంటే మిమ్మల్నే కదా, బో వామున్యిమా."

"నన్నే అయినా పద్ధతి పద్ధతే. పాత సీలు అప్పగించినవాళ్ళ దరఖాస్తులే విభాగం తీసుకుంటుంది. అది అప్పగించి రా, అనుమతిస్తాను. అందాకా బండిని ఎవరూ ముట్టుకోడానికి వీల్లేదు. విచారణలో ఉంది."

సిమాసికు తిరిగి షెడ్డుకు వచ్చి ఖాళీ డ్రమ్ము మీద కూర్చున్నాడు. అతనికి పింఛను ఇంకా రెండేళ్ళ దూరంలో ఉంది. మనిషికి రెండేళ్ళలో పింఛను ఉందంటే నోటికి తాళం దానంతటదే పడుతుంది.

సమస్యను శాస్త్రీయంగా పరిశీలించడానికి విభాగం ఒక ఉపసంఘాన్ని వేసింది. ఐదుగురు సభ్యులు ప్రతి సోమవారం పొద్దున షెడ్డుకు వచ్చి, చక్రం కింద ప్లాస్టిక్ బేసిను పెట్టి, టీ తాగుతూ గంటసేపు చుక్కలు లెక్కపెట్టేవారు. మొదటి వారం నలభై ఒకటి. రెండో వారం నలభై. చుక్కల వేగం నిలకడగా ఉన్నదనీ, ప్రజలు ఆందోళన చెందనవసరం లేదనీ నివేదిక వెలువడింది. ఆరో వారానికి చుక్కలు తొమ్మిదికి పడిపోయాయి. ఉపసంఘం సభ్యులు ఒకరికొకరు కరచాలనం చేసుకున్నారు. ఏ ఖర్చూ లేకుండా, కేవలం పర్యవేక్షణ వల్ల సాధించిన ప్రగతి అని వామున్యిమా ప్రావిన్సు కేంద్రానికి రాశారు.

"లోపల ఆయిలు అయిపోయిందండీ, అందుకే తగ్గింది" అన్నాడు సిమాసికు.

ఎవరూ వినలేదు. ఆయిలు లేకుండా నడిస్తే ఇరుసు లోపలి పళ్ళచక్రాలు నుగ్గయిపోతాయని అతనికి తెలుసు గనక, ఉపసంఘం వెళ్ళిపోయాక రెండు లీటర్లు పోశాడు. వచ్చే సోమవారం చుక్కలు మళ్ళీ నలభై దాటాయి. ప్రగతి వెనక్కి పోవడానికి మెకానిక్ జోక్యమే కారణమని మినిట్స్‌లో నమోదైంది.

ఇంత జరుగుతున్నా బండి తిరుగుతూనే ఉంది. ముట్టుకోకూడదన్నది మరమ్మతుకే తప్ప ప్రయాణానికి వర్తించదని గుమాస్తా నిబంధనలు వెతికి చెప్పాడు.

నవంబరు మొదట్లో నమకావు షెడ్డుకు వచ్చింది. ఇసుకలో సగం దూరం నడిచి, సగం దూరం చక్రాల్లేని ఎద్దుల స్లెడ్జి మీద ఈడ్పించుకుంటూ వచ్చిన మనిషి. వచ్చీ రాగానే కుండలో నీళ్ళు ముంచుకుని తాగి, బండి పక్కన నేల మీదే కూర్చుంది.

"బో సిమాసికు, నాకు నిజం చెప్పండి. ఈ బండి బాగవుతుందా?"

"ఒక పూట పని, సిస్టర్."

"ఒక పూట పనా? ఏడాది దాటింది కదండీ."

"పని ఒక పూటే. మిగతాదంతా విభాగం."

ఆమె నవ్వలేదు. "నా దగ్గర ఈ నెలలో కాన్పుకొచ్చేవాళ్ళు ఆరుగురున్నారు. అందులో మోండే అనే పిల్లకి బిడ్డ అడ్డం తిరిగి ఉందేమోనని నా అనుమానం. తేడా వస్తే కోత పెట్టాలి. నా దగ్గర కత్తెరుంది, ప్రార్థన పుస్తకం ఉంది. ఇంకేం లేవు. బండి వస్తుందని వాళ్ళమ్మకి మాటిచ్చాను. వస్తుంది కదా?"

"వస్తుంది."

"రేవు దగ్గర ఆగుతుందా? పోయినసారిలా ఏట్లోకి దిగితే ఈసారి నా నెత్తిన పెట్టెలో టీకాలుండవు. నిండు చూలాలుంటుంది."

సిమాసికు చక్రం వైపు చూశాడు. చక్రం కింద ఇసుక నల్లగా, అంబలి చిందినట్టు ఉంది. అతనికి ముందు సిగ్గేసింది. తర్వాత పింఛను గుర్తొచ్చి భయమేసింది. ఆ రెండింటిలో ఏది బరువో తేల్చుకోడానికి అతనికి శనివారం దాకా పట్టింది.

ఆదివారం పొద్దున ఊరంతా చర్చిలో ఉన్నప్పుడు అతను షెడ్డు తలుపు లోపలినుంచి గడియ పెట్టుకున్నాడు. మెబెలో వచ్చి కిటికీలోంచి తొంగి చూసి, "అన్నా, ఏం పాపం చేస్తున్నావు?" అని అడిగాడు.

"జాకీ పెడుతున్నాను. లోపలికి రా, నువ్వూ కొంచెం చేద్దువుగాని."

చక్రం విప్పారు. బ్రేకు డ్రమ్ము లాగారు. చక్రాన్ని మోసే హబ్బు ఊడదీసేసరికి సీలు కనిపించింది. దాని అంచు ఎండు చేప తోలులా బిరుసెక్కి, ఒకచోట చీలి ఉంది. అది ఏళ్ళ తరబడి ఒకేచోట రాసుకోవడం వల్ల ఉక్కు మీద గాడి పడింది. సిమాసికు గోటితో తడిమితే గోరు ఆగింది.

"ఇక్కడే కొత్త సీలు పెట్టినా లాభం లేదు. ఈ గాడిలోంచి కారుతుంది" అన్నాడు.

అతని రేకు పెట్టెలో, ఎప్పుడో తుక్కు కింద పోయిన బండి నుంచి దాచుకున్న సీలు ఒకటుంది. దాని రబ్బరు మెత్తగానే ఉంది కానీ, అంచును బిగించి పట్టే సన్నటి స్ప్రింగు వదులైంది. స్ప్రింగును విప్పి, రెండు చుట్లు కత్తిరించి, మళ్ళీ కలిపాడు. అంచు బిగిసింది. గాడి మీద కాకుండా దానికి గోరంత ఇవతల, నున్నటి ఉక్కు మీద కూర్చునేలా, వెనక పలచటి రేకు కట్టు పెట్టి సీలును కొయ్యముక్కతో చుట్టూ సమంగా తట్టుకుంటూ దించాడు. ఒకవైపు వంకరగా దిగితే పడ్డ శ్రమంతా వృథా. బ్రేకు షూలను పెట్రోలుతో కడిగి, ఎండబెట్టి, గరుకు కాగితంతో రుద్దాడు.

చివర్లో, ఎందుకో అనుమానం వచ్చి, ఇరుసు నెత్తిన ఉండే చిన్న గాలిగొట్టాన్ని విప్పి చూశాడు. అందులో ఎర్రమట్టి దట్టించి ఉంది. కందిరీగ గూడు.

"ఇదిగో దొంగ" అన్నాడు. "బండి నడిస్తే లోపల వేడెక్కుతుంది. ఆ గాలి ఈ గొట్టంలోంచి బయటికి పోవాలి. ఇది మూసుకుపోయింది. గాలికి దారి లేక ఆయిల్ని సీలు మీదికి తోస్తోంది."

మెబెలో గొట్టాన్ని కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. "అంటే పద్నాలుగు నెలల్నుంచి ఇంతమందిని ఆడిస్తున్నది ఒక పురుగా?"

"పురుగు తన ఇల్లు కట్టుకుందంతే. దాన్ని ఏమీ అనకు."

సన్నటి తీగతో గొట్టం శుభ్రం చేసి బిగించాడు. బండిని ఊరవతల ఇసుకదిబ్బ దాకా తోలి, వాలులో బ్రేకు తొక్కించాడు. నాలుగు చక్రాలూ ఒక్కసారే పట్టాయి. అతను దిగి, డ్రమ్ము వెనక వేలు పెట్టి చూసుకున్నాడు. పొడిగా ఉంది. పింఛను పోతే పోయిందిలే అని ఆ క్షణాన అనుకున్నాడు. ఇంటికి చేరేసరికి మళ్ళీ భయమేసింది.

సోమవారం ఉపసంఘం వచ్చి బేసిను పెట్టింది. గంట గడిచింది. టీ చల్లారింది. ఒక్క చుక్క పడలేదు. సభ్యులు బేసినును మార్చి చూశారు. తర్వాత వామున్యిమాకు కబురు పెట్టారు.

"చుక్కలేవి?" అన్నారు ఆయన వస్తూనే.

"కారడం ఆగిందండీ" అన్నాడు సిమాసికు.

"ఎవరి అనుమతితో ఆగింది?"

వామున్యిమా ముఖం తెల్లబోయింది. ఆయన బాధ మనం అర్థం చేసుకోవాలి. మరో తొమ్మిది రోజుల్లో విభాగం ఆధ్వర్యంలో ఇరుసు సీళ్ళ పరిరక్షణపై జాతీయ అవగాహన సదస్సు జరగబోతోంది. రాజధాని లుసాకా నుంచి నిపుణుడు వస్తున్నాడు. సహాయ సంస్థల ప్రతినిధులు వస్తున్నారు. ఇరుసు బొమ్మా, కింద 'చుక్క కూడా కారనివ్వం' అన్న నినాదమూ అచ్చేసిన, ఆడవాళ్ళు నడుముకు చుట్టుకునే చిటెంగే బట్టలు మూడు వందలు వచ్చాయి. కారుతున్న బండిని చూపిస్తామని ఆహ్వానపత్రంలో ఉంది. ఇప్పుడు బండి కారకపోతే సదస్సు దేని గురించి?

"చూడు, బో సిమాసికు" అన్నారు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఒక పై అధికారి నోట ఆ బో తన పేరు ముందు చేరడం విని సిమాసికు జాగ్రత్తపడ్డాడు. "ఒక పదిరోజులు మళ్ళీ మునుపటిలా చెయ్యి. సదస్సు అయ్యాక నీ ఇష్టం."

"ఆపడం నాకొచ్చు, బో వామున్యిమా. కారించడం నేర్చుకోలేదు."

"పింఛను ఎప్పుడు నీకు?"

"రెండేళ్ళలో."

"రెండేళ్ళలో చాలా నేర్చుకోవచ్చు."

అయినా సిమాసికు చెయ్యి రాలేదు. చివరికి గుమాస్తాయే దేశం పరువు కాపాడాడు. ఖాళీ డబ్బా ఒకదానికి మేకుతో చిల్లు పొడిచి, ఆయిలు పోసి, చక్రం వెనక ఎవరికీ కనపడకుండా తీగతో కట్టాడు. గంటకు సరిగ్గా నలభై చుక్కలు వచ్చేలా చిల్లు సరిచేయడానికి అతను రెండు రోజులు కష్టపడ్డాడు. ప్రభుత్వోద్యోగుల్లో నైపుణ్యం లేదనేవాళ్ళు ఆ డబ్బాను చూసి ఉండవలసింది.

సదస్సు నాడు ఏటి ఒడ్డున గుడారం వేశారు. మధ్యలో బండిని నిలిపి చుట్టూ రిబ్బను కట్టారు. సిలింబా అనే కొయ్యపలకల వాద్యం వాయించేవాళ్ళు ఒక పక్క, చిటెంగేలు కట్టుకున్న మహిళా సంఘాలు మరో పక్క కూర్చున్నారు. వెనక పొయ్యిల మీద మూడు వందల మందికి చేపలు వేగుతున్నాయి. సిమాసికుకు ఆహ్వానం లేదు, అతనికి తగిన సర్టిఫికెట్ లేదని. అయితే డబ్బాలో ఆయిలు అయిపోకుండా చూసుకునేందుకు బండి వెనక చాప వేసి కూర్చోబెట్టారు.

పది గంటలకు నిపుణుడు లేచారు. మంచి గొంతు ఆయనది.

"మిత్రులారా, సీలు అంటే ఏమిటి? అది కేవలం రబ్బరు కాదు. అది ఒక సరిహద్దు. లోపలికీ బయటికీ మధ్య కుదిరిన ఒప్పందం. ఈ ఒప్పందం ఎందుకు బీటలు వారుతోంది? సంప్రదింపులు లేకపోవడం వల్ల. ఆయిలుతో మనం మాట్లాడామా? చక్రం అభిప్రాయం తీసుకున్నామా? ఈ బండి నేడు కారుస్తున్నది ఆయిలు కాదు, కన్నీరు. ఆ కన్నీటిని తుడవడానికి ఐదేళ్ళ ప్రణాళిక మన ముందుంది."

మహిళా సంఘాల్లో ఒక పెద్దామె పక్కావిడ చెవిలో, "ఈయనకి బండి తోలడం వచ్చా?" అని అడగడం సిమాసికుకు వినిపించింది.

అప్పుడే మెబెలో వంగి వంగి గుడారం వెనకనుంచి వచ్చాడు. చేతిలో ఆసుపత్రి రేడియో గది కాగితం ఉంది. ములెండే నుంచి నమకావు మాట. మోండేకి తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ చెయ్యి బయటికొచ్చింది. బండి పంపండి.

సిమాసికు ఆ కాగితం పట్టుకుని వేదిక దగ్గరికి వెళ్ళి వామున్యిమా మోకాలి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆయన కాగితం చదివారు. చెడ్డ మనిషి కాదు, రెండుసార్లు చదివారు.

"పదకొండున్నరకి ప్రదర్శన. తర్వాత మంత్రిత్వ శాఖ సందేశం. తర్వాత భోజనాలు. రెండున్నరకల్లా బండి నీది" అన్నారు మెల్లగా.

"రెండున్నరకి బయల్దేరితే అక్కడికి చేరేసరికి ఐదున్నర. ఆ పిల్ల అప్పటిదాకా ఉండదు."

"అతిథులు ఇంత దూరం వచ్చారు, సిమాసికు. నేనేం చెయ్యను?"

అది నిజంగానే ప్రశ్న అనుకుని సిమాసికు ఒక క్షణం ఆలోచించాడు. తర్వాత లేచి బండి దగ్గరికి వెళ్ళాడు. చక్రం వెనక తీగ విప్పి, డబ్బాను ఊడదీసి, రెండు చేతులతో పట్టుకుని వచ్చి నిపుణుడి ముందు బల్ల మీద పెట్టాడు. అది అక్కడ కూడా గంటకు నలభై చొప్పున నిదానంగా కారసాగింది.

"కారేది ఇదేనండి. ప్రదర్శన దీంతో కానివ్వండి. బండితో మాకు పనుంది" అన్నాడు.

మెబెలో అప్పటికే ఇంజను వేశాడు. బండి ముందుకు కదలగానే రిబ్బను తెగింది. రిబ్బను తెగింది కనక ప్రారంభోత్సవం అయిందనుకుని సిలింబావాళ్ళు జోరుగా వాయించడం మొదలుపెట్టారు. మహిళా సంఘాలు లేచి నాట్యం చేశాయి. అంత చక్కటి ప్రారంభోత్సవం నలుయెలాలో మునుపెన్నడూ జరగలేదని తర్వాత పత్రికలవాళ్ళు రాశారు.

ములెండేకు ఇసుకలో మూడు గంటల దారి. ఒంటిగంటకు చేరారు. మోండే చాప మీద పడుకుని ఉంది. కేకలు వేసే ఓపిక కూడా పోయి, పళ్ళ మధ్య చిటెంగే కొంగు కరుచుకుని ఉంది. ఆమె తల్లి సిమాసికు మొహంలోకి చూసింది. నలుగురూ కలిసి మోండేను చాపతో సహా ఎత్తి బండిలో పడుకోబెట్టారు. నమకావు ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ప్రతి గుంటకూ రెండు చేతులా నడుం పట్టుకుంది.

పోయేటప్పుడు ఎక్కిన నిటారు రేవు గట్టును ఇప్పుడు దిగాలి. అక్కడికి వచ్చేసరికి మెబెలో నుదుటి మీద చెమట ధారగా ఉంది. గట్టు అంచున ఆపి, "అన్నా" అన్నాడు.

"దింపు."

"పడుతుందా?"

"నేను ముందు దిగి నడుస్తాను. పట్టకపోతే మొదట నా మీదికే వస్తుంది కదా. దింపు."

"అట్లా అనకు అన్నా."

కానీ సిమాసికు అప్పటికే దిగి, బండికి ముందు వాలులో వెనక్కి నడవసాగాడు, చేతులూపుతూ. బండి ఒక అడుగు, ఆగడం. ఇంకో అడుగు, ఆగడం. ఎక్కడా పక్కకి లాగలేదు. పంటు పలకల మీదికి ముందు చక్రాలు ఎక్కి కుదురుగా నిలిచాక, సిమాసికు వెళ్ళి వెనక చక్రం దగ్గర కూర్చుని డ్రమ్ము మీద అరచెయ్యి ఆనించాడు. వెచ్చగా, పొడిగా ఉంది. ఏరు దాటేదాకా చెయ్యి తియ్యలేదు.

"ఏంటది, బో సిమాసికు, జ్వరం చూస్తున్నారా?" అంది నమకావు లోపల్నుంచి. ఆమె గొంతులో ఆ రోజు మొదటిసారి కొంచెం ప్రాణం వచ్చింది.

నాలుగున్నరకు ఆసుపత్రి. ఐదింటికి కోత. ఆరు కాకముందే ఆడపిల్ల. ఎడమ చెయ్యి వాచి, నీలంగా ఉంది కానీ గొంతు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. సిమాసికు ఆసుపత్రి అరుగు మీద కూర్చుని ఆ ఏడుపు విన్నాడు. పొద్దుటినుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు అతని మీద మూడు అభియోగాలు తయారయ్యాయి. అనుమతి లేకుండా ప్రభుత్వ వాహనాన్ని బాగుచేయడం. అనుమతి లేకుండా దాన్ని ఉపయోగించడం. అతిథుల బల్లను ఆయిలుతో పాడుచేయడం. మూడింటి మీదా ఇరుసు విభాగం ముద్ర గుండ్రంగా పడింది. కాగితాలు బయల్దేరేలోపే రాజధాని నుంచి అభినందన వచ్చింది. సదస్సు ప్రారంభమైన కొన్ని గంటల్లోనే తల్లీబిడ్డల ప్రాణాలు కాపాడిన జిల్లా దేశంలో మరొకటి లేదట. వామున్యిమా ఆ ఉత్తరాన్ని, అభియోగాల కాగితాలను పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. ఆఖరికి అభియోగాలు ఫైల్లో భద్రమయ్యాయి. అవి అక్కడే ఉన్నాయని సిమాసికుకు ప్రతి నెలా మొదటి తారీఖున గుర్తు చేసేవారు.

ఆ తర్వాత జరిగింది మీరు ఊహించగలిగిందే. ఇంత గొప్ప బండిని ఇసుకలో తిప్పడం తగదని విభాగం భావించింది. తిరిగితే సీలు అరుగుతుంది, అరిగితే సదస్సు సాధించిన ఫలితం పోతుంది. కనుక దాన్ని ఆదర్శ వాహనంగా ప్రకటించి, ఆఫీసు ముందు సిమెంటు దిమ్మె కట్టి, నాలుగు చక్రాలూ నేలకు తగలకుండా పైకెత్తి నిలబెట్టారు. చుట్టూ గొలుసు వేశారు. శుక్రవారం శుక్రవారం దాన్ని కడిగే బాధ్యత సిమాసికుకు అప్పగించారు. మెబెలోకు బండి కింద కాపలా ఇచ్చారు. ప్రావిన్సు కేంద్రం నుంచి సీలు కూడా ఎట్టకేలకు వచ్చింది. అది పిండిమరకు సరిపోయే సీలు. అయినా వచ్చింది కదా అని అద్దాల పెట్టెలో పెట్టి దిమ్మె పక్కన ఉంచారు.

మార్చిలో ఆవిష్కరణ. లబ్ధిదారుగా మోండేను పిలిచారు. ఆమె నాలుగు నెలల పిల్లను వీపుకు కట్టుకుని, నమకావు తోడుగా, ఎద్దుల స్లెడ్జి మీదా దోనె మీదా రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చింది. ఆమె భుజాల మీద ఇరుసు బొమ్మ చిటెంగే కప్పారు. వామున్యిమా గొంతు సవరించుకుని, ఈ పసిపాప ఈ జిల్లా ఇరుసు విధానానికి సజీవ సాక్ష్యమని అన్నారు.

ఉపన్యాసం అయ్యాక నమకావు లేచి నిలబడింది. "బో వామున్యిమా, ఒక్క మాట. నా క్లినిక్కులో ఈ వారం కాన్పుకొచ్చేవాళ్ళు ఇద్దరున్నారు. నీళ్ళు ఎక్కేశాయి. నాకు బండి ఎప్పుడు పంపుతారు?"

వామున్యిమా నొచ్చుకోలేదు. ఎంతో ఓపికగా చెయ్యి చాచి దిమ్మె వైపు చూపించారు.

"బండి ఇక్కడే ఉంది, సిస్టర్. దాచుకోలేదు కదా. ఎవరైనా, ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు. రెండేళ్ళ కిందట మనకు ఇంత మంచి స్థితిలో ఉన్న బండి ఉందా? ఒక్కసారి కింద చూడండి. ఒక్క చుక్కైనా కారుతోందా?"

అందరూ వంగి చూశారు. సిమాసికు కూడా చూశాడు. ఒక్క చుక్క లేదు.

మొదట ముందు వరసలో చప్పట్లు మొదలయ్యాయి. తర్వాత వెనక వరసల్లో. గుడారం కింద నీడ చల్లగా ఉంది. చేతిలో శీతల పానీయం ఉంది. చేపలు వేగుతున్న వాసన వస్తోంది. సిమాసికు నమకావు వైపు చూడకుండా తన చేతుల వైపు చూసుకున్నాడు. అవి అప్పటికే ఒకదానికొకటి తగులుతున్నాయి. మోండే కూడా కొట్టింది. నిలబడి ఉన్న నమకావు ఒక్కతే కొట్టలేదు. క్లినిక్కుకు రెండు రోజుల దారి కనక ఆమె భోజనానికి ఉండకుండానే వెళ్ళిపోయింది. ఆమె ప్రవర్తన మర్యాదగా లేదని సభలో చాలామంది అనుకున్నారు. చదువుతున్న మీరు అక్కడ ఉంటే అలా అనుకునేవారు కాదని నాకు తెలుసు. మీరు చప్పట్లు కొడుతూ, లోలోపల ఆమెను ఎంతో గౌరవించి ఉండేవారు.